నవ్వుకూ ఒక వరస ఉంటుంది

పరకాల అవతల మా ఊళ్ళో పెద్దబాపు పోయిన మూడోనాడు. పొద్దున పిట్టకు పెట్టి వచ్చాం. రాత్రి వాకిట్లో సాపలు పరిచారు. చుట్టాలంతా గోడలకు ఆనుకుని కూర్చున్నారు. ఎవరి నోటా మాట లేదు. పెద్దమ్మ మూడు రోజులుగా మెతుకు ముట్టలేదు. అప్పుడు ఆమె తమ్ముడు, అంటే పోయినాయనకు బావమరిది, ఒక ముచ్చట ఎత్తుకున్నాడు.

"ఒకనాడు బావ ఎడ్లు కొంటనని అంగడికి పోయిండు. బేరం కుదరలే. ఉత్త చేతులతోని ఇంటికొస్తే ఏం బాగుంటదని రెండు మేకపిల్లలను సంకల వెట్టుకొని వచ్చిండు. అక్క దర్వాజ కాడ నిలవడి 'ఎడ్లేవి?' అని అడిగింది. 'ఇయ్యే. జర పెరగనియ్యి' అన్నడు."

ముందు నవ్వింది పెద్దమ్మే. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వింది. ఆ వెనక వాకిలంతా నవ్వింది. నవ్వు ఆగేసరికి ఆమె ఏడుస్తున్నది. బాగా ఏడ్చింది. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, ఇంత అన్నం పెట్టమన్నది.

మూడు రోజులు ఎందరు బతిమాలినా తినని మనిషి చేత రెండు మేకపిల్లలు అన్నం తినిపించాయి. ఆ రాత్రి నుంచీ నవ్వు అంటే ఏమిటన్నది నన్ను వదలని ప్రశ్న అయింది.

మళ్ళీ అలాంటి నవ్వు నేను విన్నది పోయిన ఏడాది, హన్మకొండ నక్కలగుట్టలో, ఒక మేడ మీది కాఫీ హోటల్‌లో. ఆదివారం సాయంత్రం, నలభై కుర్చీలు, ఒక మైకు. ఓపెన్ మైక్ అంటారు దాన్ని. పేరు రాయించుకున్న వాళ్ళు ఒక్కొక్కరు వచ్చి, ఒంటరిగా నిలబడి ఐదు నిమిషాలు మాటలతో నవ్వించి దిగిపోతారు. స్టాండప్ కామెడీ అంటే అదే. నర్సంపేట వైపు పత్తి రైతు కొడుకు ఒకతను వచ్చాడు. చదువు అయిపోయి, అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుంటూ ఉద్యోగం వెతుక్కుంటున్నాడట. "మా బాపు ఎప్పుడు ఫోన్ చేసినా, జాబ్ వచ్చిందారా అని అడగడు. హైదరాబాద్‌ల వానలు పడుతున్నయారా అని అడుగుతడు. నేను లేదు బాపూ అంట. ఇక్కడ గూడ లేవు బిడ్డా అంటడు. పెట్టేస్తడు. ఎండకాలం గూడ ఇదే అడుగుతడు."

ఆ గది ఊగిపోయింది. నా పక్కన కూర్చున్న యాభై ఏళ్ళ మనిషి నవ్వుతూనే కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. కొడుకు కొలువు, తండ్రి పంట రెండూ రాకుండా ఉన్న సంగతి వాన మాటలో ఇమిడిపోయింది. అక్కడున్న వాళ్ళలో సగం మందికి అలా ఫోన్ చేసే తండ్రి ఉన్నాడు. మిగతా సగం మంది అలా ఫోన్ చేసే తండ్రులు.

నవ్వు గురించి మనం రోజూ వినే మాట, ఆరోగ్యానికి మంచిదని. పొద్దున్నే పార్కుల్లో చేతులు పైకెత్తి నవ్వే గుంపులు మన ఊళ్ళకూ వచ్చాయి. ఆ పద్ధతికి మూలం 1995లో ముంబైలోని ఒక పార్కులో డాక్టర్ మదన్ కటారియా ఐదుగురితో మొదలుపెట్టిన క్లబ్బు. అంతకుముందు, 1964లో, నార్మన్ కజిన్స్ అనే అమెరికన్ సంపాదకుడికి వెన్నెముకను పట్టే కీళ్ళజబ్బు వచ్చింది. పది నిమిషాలు కడుపారా నవ్వితే రెండు గంటలు నొప్పి లేకుండా నిద్ర పట్టిందని 1976లో ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో రాశాడు. నవ్వు మందు అన్న మాట లోకమంతా పాకడానికి ఆ వ్యాసం పెద్ద కారణం. అయితే అది ఒక్క మనిషి అనుభవం. ఆయన అదే సమయంలో సి విటమిన్ కూడా పెద్ద మోతాదుల్లో తీసుకున్నాడు. నవ్వితే షుగరు తగ్గుతుందనీ గుండెజబ్బు రాదనీ చెప్పే వాట్సాప్ సందేశాలను నమ్మి ఎవరూ మాత్రలు మానకూడదు. ఈ సంగతి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే నవ్వు చేసే అసలు పని మందు పనికన్నా వేరే.

ఆ పని ఏమిటో తెలుసుకోవడానికి రాబర్ట్ ప్రొవైన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త జోకులను పక్కనపెట్టి జనం దగ్గరికి వెళ్ళాడు. దుకాణాల్లో, కాలేజీ ఆవరణల్లో, రోడ్ల మీద మామూలు మాటల మధ్య వచ్చిన 1200 నవ్వులను తనూ తన విద్యార్థులూ పొంచి విని రాసుకున్నారు. వాటిలో జోకు అనదగ్గ మాట తర్వాత వచ్చిన నవ్వులు 10 నుంచి 20 శాతమే. మిగతావన్నీ "సరే మరి, మళ్ళీ కలుద్దాం", "అగో, వచ్చిండు" లాంటి ఉత్త మాటల తర్వాత వచ్చినవి. పైగా వినేవాడికన్నా మాట్లాడేవాడే 46 శాతం ఎక్కువగా నవ్వుతున్నాడు. ఒంటరిగా ఉన్నప్పటికన్నా నలుగురిలో ఉన్నప్పుడు మనిషి 30 రెట్లు ఎక్కువ నవ్వుతాడు. అంటే జోకు నవ్వుకు సాకు మాత్రమే. హన్మకొండ చౌరస్తాలో ఛాయ్ తాగే ఇద్దరు స్నేహితులను అరగంట గమనించండి, ఇదే కనిపిస్తుంది. వాళ్ళ మాటలు రాసుకొచ్చి ఇంట్లో చదివితే ఒక్కటీ నవ్వు పుట్టించదు. వాళ్ళు మాత్రం అరగంటకు ఇరవైసార్లు నవ్వి ఉంటారు. ఆ నవ్వుల అర్థం ఒక్కటే, నువ్వూ నేనూ ఒకటే అని.

ఆక్స్‌ఫర్డ్‌లో రాబిన్ డన్‌బార్ బృందం దీన్ని నొప్పితో కొలిచింది. కొందరికి కలిసి హాస్యం చూపించారు, కొందరికి మామూలు డాక్యుమెంటరీ చూపించారు. ముందూ తర్వాతా చేతికి మంచులా చల్లబరిచిన తొడుగు తొడిగి, లేదా బీపీ చూసే పట్టీ బిగించి, ఎంతసేపు ఓర్చుకుంటారో చూశారు. కలిసి పగలబడి నవ్విన వాళ్ళు నొప్పిని ఎక్కువసేపు ఓర్చుకున్నారు. ఒంట్లోనే తయారయ్యే నొప్పి నివారకాలు, ఎండార్ఫిన్లు, అందుకు కారణమని వాళ్ళ వాదన. 2017లో ఫిన్లాండ్‌లోని టుర్కు శాస్త్రవేత్తలు మెదడు స్కానింగులతో దానికి బలం చేకూర్చారు. స్నేహితులతో కలిసి అరగంట నవ్విన వాళ్ళ మెదడులో ఆ జాతి రసాయనాలు విడుదల కావడం కనిపించింది. కోతులు ఒకదాని వెంట్రుకలు ఒకటి దువ్వుకుంటూ పొందే ఊరటను మనిషి నవ్వుతో పొందుతున్నాడని డన్‌బార్ అంటాడు. ఒక కోతి ఒకసారికి ఒకే కోతిని దువ్వగలదు. నవ్వు ఒకేసారి ఇద్దరు ముగ్గురిని ముట్టుకుంటుంది. మామూలు ముచ్చట్లలో కలిసి నవ్వే గుంపు సగటున మూడు నాలుగు మందిని దాటదని ఆ బృందమే లెక్కగట్టింది.

నాకు స్టాండప్ కమెడియన్ విలువ అర్థమైంది ఈ లెక్క దగ్గరే. ముగ్గురికి సరిపోయే నవ్వును అతను మూడు వందల మందికి సాగదీస్తున్నాడు. ఒకరి పేరు ఒకరికి తెలియని మూడు వందల మంది ఒక్క క్షణం ఒకే వాకిట్లో కూర్చున్న చుట్టాలవుతున్నారు.

అయితే ఎవరు పడితే వాళ్ళు ఆ పని చేయలేరు. పెద్దబాపు మేకపిల్లల ముచ్చట ఆ రాత్రి ఆయన కొడుకు చెప్పి ఉంటే వాకిలి నవ్వేది కాదు. తండ్రి పోయిన మూడోనాడే ఎగతాళా అని చీవాట్లు పెట్టేవాళ్ళు. బావమరిది చెప్పాడు కాబట్టి చెల్లింది. మన దగ్గర పరాచికానికి వరస కావాలి. బావ మరదలు, వదిన మరదలు, బావ బావమరిది, తాత మనుమరాలు, వియ్యపురాళ్ళు ఎంతైనా అనుకోవచ్చు. మామ కోడలు, అత్త అల్లుడు అనుకోకూడదు. పెళ్ళిలో ఎదురుకోళ్ళ నాడు వియ్యాలవారి మీద పాటలు కట్టి ఎక్కిరించకపోతే అది ఒక లోటు. ఎ.ఆర్. రాడ్‌క్లిఫ్-బ్రౌన్ అనే బ్రిటిష్ మానవశాస్త్రవేత్త 1940లో ఇలాంటి సంబంధాల మీద ఒక పేరుపొందిన వ్యాసం రాశాడు. ఒకరు ఎగతాళి చేయడానికి ఆచారం ఒప్పుకుంటుంది, రెండోవాళ్ళు కోపం తెచ్చుకోకూడదని అదే ఆచారం అంటుంది. రెండు ఇళ్ళు కలిసేచోట స్నేహం ఎంత ఉంటుందో రాపిడీ అంత ఉంటుంది. ఆ రాపిడి తగవు కాకుండా పరాచికం అయిపోతుంది. ఆయన ఆఫ్రికా ఉదాహరణలతో చెప్పిన సంగతి మా పెద్దమ్మకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. మరదలు ఏమన్నా నవ్వేది. కోడలు అదే మాట అంటే వారం మాట్లాడేది కాదు.

వరస లేనిచోట వేషం ఆ పని చేసింది. మా చిన్నప్పుడు పంటలు ఇంటికొచ్చిన రోజుల్లో ఊళ్ళోకి పిట్టలదొర వచ్చేవాడు. తుపాకి రాముడనీ, లత్కోర్ సాబ్ అనీ పిలిచేవాళ్ళు. ఖాకీ ప్యాంటు, చినిగిన కోటు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకీ. నడిబజార్లో నిలబడి కోతలు మొదలుపెట్టేవాడు. తనకు వెయ్యి ఎకరాల భూమి ఉంది, పట్టా మాత్రం పక్కోడి పేరు మీద ఉంది. ఏడంతస్తుల మేడ కట్టాడు, గోడలు పెట్టడమొక్కటే మిగిలింది. పిల్లలం వెంటబడి నవ్వేవాళ్ళం. పెద్దవాళ్ళ నవ్వులో ఇంకేదో ఉందని అప్పుడు తెలియలేదు. దొర ఉండే గడీ ముందు నుంచి పోతే చెప్పులు చేతబట్టుకు నడిచిన తరం అది, "నీ బాంచెన్ దొరా" అని బతికిన తరం. అసలు దొర టోపీ, కోటు, తుపాకీ ఒక పేదవాడు వేసుకుని, నాకు వెయ్యి ఎకరాలు అని అబద్ధం చెప్తున్నాడు. అసలు దొరకు అన్ని ఎకరాలు ఎలా వచ్చాయన్న ప్రశ్న ఎవరూ నోరు తెరవకుండానే బజారు మధ్య నిలబడుతున్నది. నా దృష్టిలో తెలంగాణ మొదటి స్టాండప్ కమెడియన్ పిట్టలదొరే. ఒక్కడే వస్తాడు, నిలబడే మాట్లాడతాడు, ఎదుటివాళ్ళను చూసి అప్పటికప్పుడు మాట కలుపుతాడు, నవ్వితేనే నాలుగు గింజలు. ఉద్యమం రోజుల్లో ఈ దొర సభా వేదికల మీదికి మళ్ళీ వచ్చింది ఊరికే కాదు. బుర్రకథలోనూ కథకుడికి ఒక పక్క రాజకీయం, రెండో పక్క హాస్యం నిలబడతారు. కథలో కష్టం ఎక్కువైనప్పుడల్లా హాస్యగాడు మధ్యలో ఒక పిచ్చి ప్రశ్న వేస్తాడు. అతను కథను ఆపుతున్నట్టు ఉంటుంది, నిజానికి జనం కథను మోయగలిగేలా చేస్తున్నాడు.

నాట్యశాస్త్రం నవ్వులను ఆరుగా విడగొట్టింది. పెదవి మాత్రమే కదిలే స్మితం, కాస్త పళ్ళు కనిపించే హసితం ఉత్తములవి. విహసితం, ఉపహసితం మధ్యములవి. కళ్ళ నీళ్ళు వచ్చేలా, భుజాలు అదిరేలా, పక్కలు పట్టుకుని నవ్వే అపహసితం, అతిహసితం అధములవి. గొప్ప పరిశీలన, అందులో సందేహం లేదు. మెట్లు కట్టిన తీరుతో మాత్రం నేను ఒప్పుకోలేను. డన్‌బార్ పరీక్షల్లో నొప్పిని తట్టుకునే బలం ఇచ్చింది మర్యాదకు నవ్విన నవ్వు కాదు, ఆపుకోలేక వచ్చిన నవ్వు. శాస్త్రం అధములకు వదిలేసిన నవ్వే మనుషులను కలుపుతున్నది. నాట్లేసే మడిలో, మిర్చి ఏరే చోట వినిపించేది ఆ నవ్వే.

ఇక మాట నవ్వుగా ఎలా మారుతుంది? వి.ఎస్. రామచంద్రన్ అనే నాడీశాస్త్రవేత్త చెప్పిన వివరణ నాకు అన్నిటికన్నా దగ్గరగా అనిపిస్తుంది. అర్ధరాత్రి కొట్టంలో చప్పుడైంది. దొంగ అనుకుని కట్టె పట్టుకుని పోతారు. చూస్తే తలుగు తెంపుకున్న దూడ. నవ్వు వస్తుంది. ప్రమాదం అనుకున్నది ప్రమాదం కాదని తేలినప్పుడు ఆ సంగతి మిగతా వాళ్ళకు తెలిపే కేక నవ్వు అని ఆయన ప్రతిపాదన. జోకు చేసేదీ అదే. మొదటి మాటతో వినేవాడి మనసును ఒక దారి పట్టిస్తుంది, చివరి మాటతో దారి మళ్ళించి, భయం లేదు దూడే అంటుంది.

ఇందులో తెలుగుకు ఒక వరం ఉంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, కాదు లేదు అనేదీ చివరే వస్తుంది. మాట పూర్తయ్యేదాకా వినేవాడికి అటో ఇటో తెలియదు. "మా నాయన నన్ను ఒక్కనాడు గూడ కొట్టలే. ఆ పని మా అమ్మకు ఒప్పజెప్పిండు." మొదటి వాక్యానికి సాధువైన తండ్రి కళ్ళ ముందుకొస్తాడు. రెండో వాక్యం చివరి మాట దాకా అతను అలాగే ఉంటాడు. ఇదే సంగతిని "కొట్టే పని అమ్మకు ఒప్పజెప్పిండు కాబట్టి నాయన నన్ను కొట్టలేదు" అని చెప్పి చూడండి, ఎవరూ నవ్వరు. సమాచారం ఒకటే, వరస మారింది. మంచి కమెడియన్ నెలల తరబడి చేసేది ఈ వరస సరిచూసుకోవడమే. నక్కలగుట్ట అబ్బాయి మాటల్లో "పెట్టేస్తడు" తర్వాత ఒక విరామం ఉంది. జనం నవ్వు సగానికి తగ్గేదాకా ఆగి, అప్పుడు "ఎండకాలం గూడ ఇదే అడుగుతడు" అన్నాడు. అంతకు మూడు నెలల ముందు ఆ విరామం ఉండేది కాదని, నవ్వులో ఆ చివరి మాట మునిగిపోయేదని తర్వాత నాతో చెప్పాడు. అందరికీ ఊరికే మాట్లాడుతున్నట్టు వినిపించిన ఐదు నిమిషాల వెనక ముప్పై సార్లు చెప్పి, కొట్టేసి, మళ్ళీ రాసిన కష్టం ఉంది.

నవ్వు అందరినీ కలుపుతుందని చెప్పి ఆగిపోతే అబద్ధం చెప్పినట్టవుతుంది. మా అమ్మమ్మ చెప్పే కథ ఒకటుంది. రాముడి పట్టాభిషేకం. నిండు సభలో లక్ష్మణుడు ఉన్నట్టుండి పకపకా నవ్వాడు. అన్నను విడిచి శత్రువుతో కలిసినందుకు నన్ను చూసే నవ్వాడని విభీషణుడు తల దించుకున్నాడు. అన్నను చంపించి రాజ్యమేలుతున్నందుకు నన్నేనని సుగ్రీవుడు ముడుచుకుపోయాడు. జాలరి పిల్లను నెత్తిన పెట్టుకున్నందుకు నన్నేనని శివుడు అనుకున్నాడు. పరాయి ఇంట ఉన్న భార్యను తెచ్చుకున్నందుకు నన్నేనని రాముడు కత్తి తీశాడు. చివరికి లక్ష్మణుడు చెప్పింది వేరే. పద్నాలుగేళ్ళు తన జోలికి రావద్దని మాట తీసుకున్న నిద్రాదేవి, గడువు తీరిందని సరిగ్గా ఆ సభలోనే వచ్చి ఎదుట నిలిచిందట. అది చూసి నవ్వాడు. సభలో ఒక్కరికీ ఆ కారణం తట్టలేదు. ప్రతివాడికీ తన గాయమే తట్టింది. నవ్వు నాలుగు విధాల చేటు అన్న సామెతకు ఇంతకన్నా మంచి వివరణ నేను ఎక్కడా వినలేదు. కలిసి నవ్వితే ఎంత దగ్గరవుతామో, మనల్ని చూసి నవ్వుతున్నారని అనిపిస్తే అంత ఒంటరి అవుతాం. తెలుగులో నవ్వుకు పక్కనే నగుబాటు ఉన్నది.

తెలంగాణ మనిషికి ఇది కథ కాదు, అనుభవం. దశాబ్దాలపాటు తెలుగు సినిమాలో మన యాస రౌడీకో, పనివాడికో, హాస్యగాడికో దక్కింది. హీరో మాత్రం వేరే తెలుగు మాట్లాడాడు. హన్మకొండలో ఇంటర్ చదివేటప్పుడు "గట్లనా" అన్నందుకు తరగతి నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ తర్వాత రెండేళ్ళు నేను నోరు విప్పే ముందు మాటను మనసులో ఒకసారి తిరగరాసుకునేవాణ్ణి. ఓరుగల్లు కవి కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9 ఇవాళ తెలంగాణ భాషా దినోత్సవం. ఆ గౌరవం ప్రభుత్వ ఉత్తర్వుతో వచ్చింది. కానీ ఇళ్ళలో ఆ మార్పు తెచ్చింది నవ్వించిన వాళ్ళే అంటాను. వీ6 తీన్మార్ వార్తల్లో బిత్తిరి సత్తి, జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి మై విలేజ్ షో అనే యూట్యూబ్ ఛానల్, అందులో గంగవ్వ వచ్చాక జనం యాసను చూసి నవ్వడం మాని, ఆ యాసలో చెప్పిన ముచ్చటకు నవ్వడం నేర్చారు. గంగవ్వ మాటను గోదావరి జిల్లాల వాళ్ళూ నవ్వుతూ విన్నారు, ఆమెను చూసి కాదు, ఆమెతో కలిసి. అదే యాస, అదే నవ్వు. జోకు ఎవరి చేతిలో ఉందన్నది మారింది, అంతే.

గంగవ్వ గురించి ఇంకొక మాట. నవ్వే ఆడదాన్ని నమ్మరాదనే సామెత ఉన్న భాష మనది. ఆడవాళ్ళు నవ్వలేదా అంటే, నాట్ల మడిలో, బతుకమ్మ చుట్టూ, పెళ్ళిళ్ళ వంటశాలల్లో మగవాళ్ళు వింటే బిత్తరపోయే హాస్యం వాళ్ళ దగ్గర ఎప్పుడూ ఉంది. అది నలుగురు ఆడవాళ్ళ మధ్యే ఉండాలన్నది కట్టుబాటు. ఒక పల్లెటూరి అవ్వ ఆ హాస్యాన్ని అందరి ముందూ పెట్టింది. ఆ కాఫీ హోటల్ మైకు దగ్గరికి ఆ సాయంత్రం వచ్చిన పదకొండు మందిలో ఇద్దరే అమ్మాయిలు. ఇద్దరిలో ఒకామె హాస్టల్ వార్డెన్ మీద చెప్పిన ఐదు నిమిషాలకు వెనక వరుసలో ఉన్న అమ్మాయిలు నవ్విన తీరు చూస్తే, ఎన్నాళ్ళుగానో ఆపుకున్న నవ్వు అది అనిపించింది.

వరంగల్‌కు నవ్వించే వాళ్ళు కొత్త కాదు. 1932లో మట్టెవాడలో పుట్టిన నేరెళ్ళ వేణుమాధవ్ ఒక్క గొంతుతో నాయకులనూ నటులనూ పక్షులనూ యుద్ధాలనూ పలికించి, 1971లో ఐక్యరాజ్యసమితి దాకా వెళ్ళాడు. 2001లో పద్మశ్రీ వచ్చింది. 2018లో ఈ ఊళ్ళోనే కన్నుమూశాడు. ఆయన గొంతుల మీద జనానికి ఎందుకంత ప్రేమ అంటే, అనుకరించిన మనిషిని ఆయన చిన్నబుచ్చలేదు. ఎవరి గొంతు ఎత్తుకున్నాడో వాళ్ళే ముందు వరుసలో కూర్చుని మురిసిపోయే మిమిక్రీ అది.

పిట్టలదొరకు టోపీ ఉంది, మిమిక్రీ కళాకారుడికి ఇంకొకరి గొంతు ఉంది, బావమరిదికి వరస ఉంది. స్టాండప్ కమెడియన్‌కు ఇవేవీ లేవు. తన పేరుతో, తన బట్టల్లో, తన గొంతుతో, తన ఇంటి సంగతి చెప్పుకుంటాడు. కొత్తదనం అక్కడే ఉంది, ప్రమాదమూ అక్కడే ఉంది. 2021 జనవరి 1న ఇండోర్‌లో మునావర్ ఫారూఖీ అనే స్టాండప్ కమెడియన్‌ను ఒక ప్రదర్శన దగ్గర అరెస్టు చేశారు. మతవిశ్వాసాలను గాయపరిచాడని కేసు. ఫిబ్రవరి 5న సుప్రీంకోర్టు మధ్యంతర బెయిలు ఇచ్చేదాకా నెలకు పైగా జైల్లో ఉన్నాడు. 2022 ఆగస్టులో హైదరాబాద్ శిల్పకళావేదికలో అతని ప్రదర్శన గట్టి పోలీసు బందోబస్తు మధ్య జరిగింది. రాజ్యాంగంలోని 19వ అధికరణం మాట స్వేచ్ఛ ఇస్తుంది, దానికి హద్దులూ పెడుతుంది. ఆ హద్దు ఏ జోకు దగ్గర పడాలన్నది కోర్టులు తేలుస్తాయి. నేను చూసే కొలత ఒక్కటే, దెబ్బ ఎటు పడుతోంది? గడీ వైపు పడితే అది పిట్టలదొర సంతతి. బజార్లో అప్పటికే తల వంచుకుని నిలబడ్డవాడి మీద పడితే, నా తరగతి గదిలో వినిపించిన నవ్వు అది. రెండూ చప్పుడుకు ఒకేలా ఉంటాయి, అందుకే చెవి పెట్టి వినాలి.

రోజువారీ బతుకులో ఇదంతా ఎక్కడ అక్కరకొస్తుందని అడిగేవాళ్ళకు మా మేనమామ మాట చెప్తాను. గోదావరిఖని బొగ్గు బాయిలో ముప్పై ఏళ్ళు పనిచేశాడు. ఇంక్లైన్‌లోకి, అంటే బాయి లోపలికి పోయే వాలు దారిలోకి, దిగేటప్పుడు ఎవరూ మాట్లాడరట. కింద పనిస్థలానికి చేరాక ఎవరో ఒకరు మొదటి పరాచికం ఆడాలి. అది పడేదాకా చేతులు సాగవు. "పైన కప్పు ఎట్లున్నదో ఎవ్వనికి తెల్వదు. ఒకడు నవ్వితే పక్కోడు ఉన్నడని తెలుస్తది" అన్నాడు. ఎనుమాముల మార్కెట్లో ధర పలకక మిర్చి బస్తాల మీదే రాత్రి గడిపే రైతుల మధ్య, పెద్ద దవాఖాన వరండాలో టిఫిన్ గిన్నెలతో కూర్చున్న వాళ్ళ మధ్య కూడా ఇదే నవ్వు విన్నాను.

నక్కలగుట్ట అబ్బాయి తాను మైకు ముందు మాట్లాడుతున్నానని ఇంట్లో చెప్పలేదు. నాలుగు నెలల తర్వాత ఎవరో వీడియో చూపిస్తే ఆ తండ్రే చెప్పాపెట్టకుండా బస్సెక్కి హన్మకొండ వచ్చాడు. చివరి వరుసలో గోడ పక్కన, తెల్ల తువ్వాల భుజాన వేసుకుని కూర్చున్నాడు. కొడుకు మైకు దగ్గరికి వచ్చాకే ఆయనను చూశాడు. గొంతు తడబడింది. అయినా వానల ముచ్చట చెప్పాడు. "పెట్టేస్తడు" తర్వాత ఆగాల్సిన చోట ఎప్పటికన్నా ఎక్కువసేపు ఆగాడు. వెనక గోడ దగ్గర నుంచి ఒక నవ్వు వినిపించింది, అందరికన్నా ముందు.

అయిపోయాక మెట్ల దగ్గర తండ్రీ కొడుకులు ఎదురుపడ్డారు. ఇద్దరూ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత తండ్రి తువ్వాలతో మొహం తుడుచుకుంటూ అన్నాడు.

"అంతా మంచిగనే చెప్పినవ్ గని, వాన పడ్డనాడు సగం రాత్రి ఫోన్ జేసి రేకుల మీద చప్పుడు వినిపించిన గదరా. అది చెప్పలేదేంది?"

కొడుకు ఫోన్ తీసి, అక్కడే మెట్ల మీద నిలబడి రాసుకోవడం మొదలుపెట్టాడు.